వైరు లేని ఇత్తడి బోల్టు

"ఇదేటి మేడమ్, దీనికి ఎనకాల వైరే నేదు?"

సోలార్ మెకానిక్ బ్యాటరీల స్టాండు ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. అతను వేలితో చూపిస్తున్నది ఒక ఇత్తడి బోల్టు. నా బొటనవేలికి రెండింతల లావు. స్టాండు ముందు చెక్కకి నట్టు వేసి బిగించి ఉంది. నెత్తిన పసుపు, పసుపు మీద కుంకుమ. పక్కనున్న రెండు బ్యాటరీలకీ దానికీ ఇరుగుపొరుగు సంబంధమే తప్ప ఇంకే సంబంధమూ లేదు.

జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నాను. మా పై అంతస్తు పిన్నిగారు అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో. ఆ బోల్టుకి వైరు లేదన్న సంగతి ఆవిడకి తెలియకూడదని ఒక మనిషి నానా అవస్థా పడ్డాడు. ఆ మనిషి ఆవిడ భర్త. ఆయన పోయి ఆర్నెల్లయింది. ఈ గుట్టు తెలిసిన రెండో మనిషిని నేనే. అంటే పోయినాయన పరువంతా ఆ క్షణాన నా నోట్లో ఉందన్నమాట.

ఆయన పేరు చెప్పను. చెబితే సీతమ్మధారలో సగం మంది "ఓ, ఆయనా!" అని పళ్ళు నూరుతారు. మిగతా సగం మందికి పాఠం చెప్పకుండానే ఆయన పోయాడు, అంతే తేడా.

మెట్ల మీద ఎదురుపడినప్పుడు "బాగున్నారా బాబాయిగారూ" అంటే లోకంలో మనుషులు "ఆ, బాగున్నామమ్మా" అంటారు. ఆయన "రెండొందల ముప్పై" అనేవాడు. అది ఆ పూట వాళ్ళ గోడ మీది డిస్‌ప్లేలో కనబడే ఇంటి కరెంటు వోల్టేజి. వేసవిలో అయితే "రెండొందల పది. నీరసంగా ఉన్నాది" అనేవాడు. నీరసం లైనుకో, ఆయనకో, మనమే తేల్చుకోవాలి. "పిన్నిగారెలా ఉన్నారండీ" అంటే "తొంభై రెండు". ఇది ఆవిడ వేలికి క్లిప్పు పెట్టి చూసే ఆక్సిజన్ అంకె. మేం ఈ బిల్డింగుకి వచ్చిన కొత్తలో మా ఆయన మర్యాదకి, "నిన్నటికంటే హుషారుగా కనిపిస్తున్నారండీ ఆంటీ" అన్నాడు. ఆయన మా ఆయన్ని ఎగాదిగా చూసి, "నీ కళ్ళకేటైనా డిస్‌ప్లే ఉన్నాదేటి బాబూ?" అని అడిగాడు. ఆ తరవాత మా ఆయన మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడితే తలుపు వెనక ఆగిపోయేవాడు.

ఆయనకి ఒకటే సిద్ధాంతం. "రీడింగ్ సెప్పు, ఫీలింగ్ సెప్పకు." పంపులో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఫిర్యాదు చేస్తే బకెట్టు నిండడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాలి. ఉక్కపోతగా ఉందంటే ఎన్ని డిగ్రీలో చెప్పాలి. కింది అంతస్తులో ఉండే బిల్డింగు సెక్రటరీ ఒకసారి "మీ మాటలకి నా మనసు గాయపడిందండీ" అన్నాడట. "ఎంత?" అని అడిగాడట ఈయన.

స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చెప్పేదాన్ని బట్టి చూస్తే ఆ ప్లాంటులో మిగతావాళ్ళంతా క్యాంటీను కోసమే వచ్చేవాళ్ళు, పని మాత్రం ఈయనొక్కడే చేసేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉండేది. బ్యాంకులో సంతకం పెట్టమంటే దాన్నే తీసి కాగితం మీద పెట్టాడని పిన్నిగారు చెప్పింది. పెళ్ళిళ్ళకి వెళ్తే అక్షింతలు వెయ్యడానికి ముందు సీరియల్ లైట్ల ప్లగ్గు చూసి వచ్చేవాడు. అది సరిగ్గా లేకపోతే దంపతులకి ఆశీర్వాదం ఆలస్యమయ్యేది. లుంగీ మడిచి కట్టి, నెత్తిన ప్లాంటు నాటి పసుపు హెల్మెట్ పెట్టుకుని మేడ మీదకి ఎక్కుతుంటే, యుద్ధానికి వెళ్తున్నాడో స్నానానికి వెళ్తున్నాడో చెప్పడం కష్టంగా ఉండేది.

నా ఉద్యోగం మీద ఆయనకి గొప్ప గౌరవం ఏమీ లేదు. రుషికొండలో ఆఫీసు, వారంలో సగం రోజులు ఇంట్లోంచే పని. "అమ్మాయ్, నువ్వు సేసీది ఏటి? ఆగిపోయిన కంప్యూటర్ని ఆపి, మళ్ళీ ఏత్తావు. అంతేగదా" అనేవాడు. చెప్పొద్దూ, చాలావరకూ అంతే.

పిన్నిగారికి ఊపిరితిత్తులు మెల్లగా బిగుసుకుపోయే జబ్బు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను ఒకటి, చిన్న ఫ్రిజ్జంత ఉంటుంది, వాళ్ళ హాల్లో పగలూ రాత్రీ గురగురలాడుతూ ఉంటుంది. దాన్నుంచి పొడుగాటి గొట్టం. ఎవరింట్లో అయినా అలాంటి గొట్టం నేల మీద పడి ఉంటుంది, వచ్చినవాళ్ళు దాటుకుంటూ నడుస్తారు. వాళ్ళింట్లో మాత్రం దాన్ని గోడ వెంబడి కేబుల్ క్లిప్పులు కొట్టి, మూలల దగ్గర వంపులు తిప్పి, వంటింటి దాకా వైరింగు చేసినట్టు చేశాడు. ప్రతి గదిలో ఆవిడ కూర్చునే చోట అవసరమైనంత గొట్టం చుట్టగా వేలాడుతూ ఉండేది. ప్రేమ అనే మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. దానికి రీడింగ్ లేదు కదా.

మిషను ఆగితే ఆవిడ ఊపిరి ఆగినట్టే. ఆదుకోవడానికి మంచం పక్కన ఒక చిన్న సిలిండరు ఉంది గానీ అది కాసేపటి మాట. మన ఊళ్ళో ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. అందుకని ఆయన మేడ మీద సోలార్ పలకలు వేయించి, వంటింటి వెనక బాల్కనీలో రెండు బ్యాటరీలు పెట్టించాడు. పెట్టించాడు అనడం తప్పు. కంపెనీ మెకానిక్ తెచ్చి దింపాడు. ఆ తరవాత ఈయన అతన్ని పక్కకి జరిపి, ప్రతి వైరూ తనే కలిపాడు, ప్రతి బోల్టూ తనే బిగించాడు. వైర్లు కలిసే బ్యాటరీ కొనల మీద వేజలైన్ దట్టంగా పూసి, ఎర్రటి ప్లాస్టిక్ మూతలు పెట్టి, "ఇంక పదేళ్ళదాకా దీని జోలికెళ్ళక్కర్నేదు" అని ప్రకటించాడు.

చలికాలం గడిచింది. ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది బీప్.

గోడకున్న ఛార్జింగు డబ్బా మీద ఇరవై ఎనిమిది దగ్గర ఉండాల్సిన వోల్టేజి ఉన్నట్టుండి ముప్పై మూడుకి ఎగిరేది, మళ్ళీ పడేది. ఎగిరినప్పుడల్లా బీప్. ఎండ ఎంత బాగా కాస్తే అంత ఎక్కువ ఎగిరేది. కరెంటు ఉన్నంతసేపు ఫరవాలేదు. కరెంటు పోయి ఆక్సిజన్ మిషను బ్యాటరీల మీద నడుస్తున్నప్పుడు ఆ బీప్ వస్తే మాత్రం, ఇన్వర్టరు భయపడి తనంతట తాను ఆగిపోయేది. దాంతో పాటు మిషనూ.

ఆయన విచారణ మొదలుపెట్టాడు. నిందితుల్లో మొదటిది పోర్టు. "పోర్టు దుమ్ము పలకల మీద పడి అన్నేయం సేత్తన్నాది" అని రోజూ పొద్దున్నే వాటిని తుడిచేవాడు. అద్దాల్లా మెరిసిన పలకలు ఇంకా ఎక్కువ కరెంటు ఇచ్చాయి, బీప్ ఇంకా పెరిగింది. తరవాత సముద్రం. తరవాత కింది సెక్రటరీగారి నీళ్ళ మోటారు. పాపం ఆ మోటారు మా బిల్డింగులో ఎవరికీ ఏ హానీ చేసి ఎరగదు, నీళ్ళతో సహా ఏదీ ఇచ్చేది కాదు. తరవాత నా వంతు. నా ల్యాప్‌టాప్ ఛార్జరు లైన్లో ఏదో పంపిస్తోందన్నాడు. నేను ఒక రోజంతా దాన్ని తీసేసి కూర్చున్నాను. బీప్ నన్ను నిర్దోషిగా వదిలేసింది.

కంపెనీ మెకానిక్ వచ్చాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గరి మనిషి, అన్నదమ్ములు బోటు మీదకి వెళ్తే ఇతను ఇటు వచ్చాడు. అతనికి తెలిసిన వైద్యం ఒక్కటే. "కొత్తది ఏసీద్దాం సార్." ఛార్జింగు డబ్బా మార్చి కొత్తది వేశాడు. కొత్తది పాతదాని కంటే గట్టిగా బీప్ కొట్టింది. "అయితే బ్యాటరీలు కూడా కొత్తవి ఏసీద్దాం సార్" అన్నాడు. పోనీ బ్యాటరీల దగ్గర ఒకసారి చూస్తానని మూతల మీద చెయ్యి వెయ్యబోతే ఈయన అడ్డం నిలబడ్డాడు.

"ఆ కనెక్షన్ ఎవుడేసినాడో తెల్సా?"

"తెల్దు సార్."

"నాను. ఫర్నేసు కాడ బిగించినోడ్ని. ఇంకేటి సూత్తావు?"

మెకానిక్ నా వంక చూశాడు. నేను మెట్ల వంక చూశాను. అతను వెళ్ళిపోయాడు.

అలా ఆయన తను బిగించిన చోటు తప్ప లోకమంతా వెతికాడు.

ఇందులో ఒక వింత ఉంది. బీప్ అన్ని రోజులూ ఉండేది గానీ శుక్రవారం మరీ ఎక్కువ. ముందు గమనించింది మా ఆయన, తలుపు వెనక నిలబడి వినే అలవాటు వల్ల. నాకు చెప్పాడు. నేను బాబాయిగారికి చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"అమ్మాయ్, కరెంటుకి వారాలు తెల్దు. శుక్రవారం, మంగళవారం అన్నీ మీకే. ఎలక్ట్రానుకి క్యాలెండరుంటాదేటి?"

"లేదండీ, మీరే చూడండి, శుక్రవారం..."

"రీడింగ్ సెప్పు. ఫీలింగ్ సెప్పకు."

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం లైన్లు బాగుచెయ్యడానికి కరెంటు తీశారు. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను, ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉన్న కాస్త ఛార్జింగుతో. పైనుంచి మిషను కీచుమని అరిచింది. ఆ అరుపు మూడంతస్తులకీ వినబడుతుంది, ఆగిపోయానని చెప్పడానికి దానికి ఉన్న ఒకే ఒక్క మాట అది. నేను పరిగెత్తాను. ఆయన మంచం పక్కన సిలిండరు తిప్పే తాళం పట్టుకుని ఉన్నాడు. ఆ తాళం సిలిండరు మీద కుదురుకోవడం లేదు. స్టీలు ప్లాంటుని ఒంటిచేత్తో నడిపిన మనిషి దాన్ని తలకిందులుగా పెడుతున్నాడు. నేను తాళం లాక్కుని తిప్పాను. గాలి బుస్సుమంది. ఆయన క్లిప్పు తీసి ఆవిడ వేలికి పెట్టాడు గానీ అంకె చూడలేదు. గోడకి తిరిగి నిలబడ్డాడు.

"రీడింగ్ సెప్పు" అన్నాడు గోడతో.

"ఎనభై... పెరుగుతోందండీ."

"ఎంత అని అడిగినాను."

"ఎనభై మూడు. ఎనభై ఆరు. తొంభై వచ్చిందండీ."

ఆయన హెల్మెట్ ఇంకా నెత్తినే ఉంది. అది తీసి ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిన్నిగారు ఊపిరి అందాక మొదట అన్న మాట, "అన్నం తిన్నారా?" అని. ఆయనకి కోపం వచ్చింది. "నీకు ఊపిరి నేదు, నా అన్నం సంగతి నీకెందుకేటి?" అని కసిరాడు. ఆ కసురు విని నాకు చాలా ధైర్యం వచ్చింది.

తరవాతి శుక్రవారం పొద్దున్నే నన్ను పిలిచాడు. శుక్రవారం అని నమ్మి కాదట, నమ్మలేదని నిరూపించడానికట. మేడ మెట్లు వాళ్ళ బాల్కనీని ఆనుకునే పైకి వెళ్తాయి. పలకల నుంచి వచ్చే వైరు ఆ మెట్ల పక్క నుంచే దిగుతుంది. ఆ వైరుని అంగుళం అంగుళం చూసుకుంటూ దిగుతున్నాం, ఆయన ముందు, మీటరు పట్టుకుని నేను వెనక. బాల్కనీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

గ్రిల్లు అవతల పిన్నిగారు. అప్పుడే తలారా స్నానం చేసినట్టుంది, కొప్పు తడిగా ఉంది. ఒక చేతిలో పళ్ళెం, రెండో చేత్తో గొట్టం ఎత్తి పట్టుకుని మెల్లగా వచ్చింది. బ్యాటరీల ముందు పీట వేసుకుని కూర్చుంది. ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగింది. ఎర్ర మూతలు రెండూ తీసి పక్కన పెట్టింది. తడిగుడ్డతో బ్యాటరీ కొనల్ని శుభ్రంగా తుడిచింది. ఆయన పూసిన వేజలైన్ ఎప్పుడో పోయింది. ఉన్న కాస్తా కూడా గోరుతో గీకి తీసింది, జిడ్డు మీద బొట్టు నిలవదు కదా. పసుపు నీళ్ళతో కలిపి, బోల్టు మీదా, వైరు కొన మీదా, మధ్య సందులోకీ దిగేటట్టు దట్టంగా పామింది. మీద కుంకుమ పెట్టింది. అలా ప్రతి శుక్రవారం జరుగుతోందని చూస్తేనే తెలుస్తోంది. ఆ కొనల చుట్టూ పచ్చగా, తెల్లగా పేరుకుపోయిన పాచి ఇక్కడి నుంచే కనబడుతోంది. ఉప్పుగాలికి తోడు వారం వారం తడి పసుపు. ఇంక వైరుకీ బ్యాటరీకీ మధ్య కరెంటు వెళ్ళే దారి ఎక్కడుంది? ఎండ నుంచి వచ్చిన కరెంటు లోపలికి ఎక్కలేక గడప దగ్గరే ఎగిరెగిరి పడుతోంది.

ఇంక మొదలవుతుంది అనుకున్నాను. ఇన్నాళ్ళు ఎండలో తిరిగి, ఊరందరితో గొడవపడి, నా ఛార్జరుని కూడా అనుమానించిన మనిషి. పైగా దోషి దొరికింది రెడ్ హ్యాండెడ్‌గా, నిజంగానే కుంకుమ చేతులతో.

ఆవిడ చేతులు జోడించింది. బ్యాటరీతో మాట్లాడింది. గొంతు సన్నగా ఉన్నా మాకు వినబడింది.

"తల్లీ, నా ఊపిరి మాట అలా ఉంచు. ఆయన్ని ఈ ఎండలో మేడెక్కించి దించకమ్మా. పెద్దోరైపోనారు. పడిపోతే నాను లేపనేను."

మూతలు మళ్ళీ పెట్టేసి, పళ్ళెం తీసుకుని, గొట్టం ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన జేబులోంచి టెస్టర్ తీశాడు. దాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను చేతిలో మీటరు పట్టుకుని ఎంతసేపని నిలబడను? "రీడింగ్ చూడమంటారా బాబాయిగారూ?" అన్నాను. నేను ఎరిగినంతలో ఆయన రీడింగ్ వద్దన్నది ఆ ఒక్కసారే. తల అడ్డంగా ఊపాడు, అంతే. తరవాత నాతో కాదు, మెట్లతో అన్నట్టు అన్నాడు.

"ప్లాంటులో ఆయుధపూజకి మోటార్లకి బొట్లెట్టీవోరు. పెయింటు మీద ఎట్టండిరా, రాగి మీదెడితే సెయ్యిరిసేత్తానని నానే కాపలా కాసీవోడ్ని." జేబులో టెస్టర్ తడుముకుని, "ఇంట్లో కాపలా కాయనేదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక పాచి అంతా గీకి, వేడినీళ్ళూ సోడా వేసి కడిగి, కొనల్ని గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. నేను కాపలా. నడినెత్తిన ఎండ, ఛార్జింగు డబ్బా మీద ఇరవై ఎనిమిది, కదలకుండా. బీప్ లేదు.

సాయంత్రం మేం ఎవరం ఊహించని పని చేశాడు. మెట్ల దగ్గర నిలబడి, సెక్రటరీగారితో సహా వచ్చిపోయే అందరికీ వినబడేలా, "తప్పు నాదే. వైరు కొన నానే లూజుగా బిగించినాను" అన్నాడు. మెకానిక్‌కి ఫోను చేసి అదే మాట చెప్పాడు. అతను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడట. తరవాత "సార్, మీ ఒంట్లో బాగున్నాదా?" అని అడిగాడట. సెక్రటరీగారికి ఆ వేసవి పండగే. "ఫర్నేసు దగ్గర కూడా ఇలాగే బిగించేవారా అండీ?" అని రోజుకొకసారి అడిగేవాడు. ఎవరేమన్నా ఆయన హెల్మెట్ సర్దుకుని మేడ మీదకి వెళ్ళిపోయేవాడు. జీవితమంతా పోగుచేసుకున్న పొగరుని ఒక్క పూటలో అలా వీధిన పంచిపెట్టిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. పిన్నిగారు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "మనిషన్నాక తప్పు సెయ్యరేటి?" అని ఆయన్నే వెనకేసుకొచ్చింది.

మర్నాడు ఆ ఇత్తడి బోల్టు వచ్చింది. అది ఆయన రిటైరైన రోజు ప్లాంటు నుంచి గుర్తుగా తెచ్చుకున్నది. షోకేసులో, వెల్వెట్ గుడ్డ మీద ఉండేది. ముట్టుకోబోతే అరిచేవాడు. దాన్ని తీసి స్టాండు ముందు చెక్కకి బిగించి, పిన్నిగారిని పిలిచి ఉపన్యాసం ఇచ్చాడు.

"ఇదుగో, సూడు. కొత్త రూలొచ్చినాది. మెయిన్ టెర్మినల్ ఇదే. పవరంతా దీన్నుంచే ఎలతాది. దండవెట్టుకున్నా, బొట్టెట్టుకున్నా దీనికే. ఆ రెండిటికీ మూతలు టేపేసీసినాను, ఇంక తియ్యకూడదు. తీత్తే వారంటీ పోద్ది."

అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. చెవులు కుంకుమ రంగుకి తిరిగాయి. పిన్నిగారు బోల్టునీ ఆయన్నీ మార్చి మార్చి చూసి "అలగే" అంది. ఆ శుక్రవారం నుంచి బొట్టు దానికే. ఎర్ర మూతల జోలికి వెళ్ళలేదు. నెలకొకసారి ఆయన వేజలైన్ పూసేవాడు, ఆవిడ గుడి ప్రవచనం ఫోన్లో వింటున్న సమయం చూసి.

రైతుబజారులో కూరలు కొంటూ కూలిపోయాడు ఆయన. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. వాళ్ళు ఇచ్చిన సంచిలో బెండకాయలు, హెల్మెట్ లేదు గానీ టెస్టర్ ఉంది. ఎలక్ట్రానిక్ కాటాని పరీక్షించడానికి తీసి ఉంటాడు. నాకు ఆ టెస్టర్ చూస్తే ఏడుపు ఆగలేదు. అంతకుముందు ఆయన కోసం ఏడుస్తానని ఎవరైనా చెబితే, ఎంత అని అడిగేదాన్ని.

ఇప్పుడు మళ్ళీ ఆ మెకానిక్. మొన్నటి నుంచి అప్పుడప్పుడు బీప్ వస్తోందని పిన్నిగారు పిలిపించింది, నన్ను తోడుగా కూర్చోమంది. పూసేవాడు లేక టెర్మినళ్ళ మీద వేజలైన్ ఆరిపోయింది, అంతకంటే జబ్బేమీ లేదు. అతను దాన్ని సరిచేసి, పని ఇంకా మిగిలే ఉందన్నట్టు ఈ బోల్టుని పట్టుకున్నాడు.

"వైరు నేదు, ఏటీ నేదు మేడమ్. వేస్టుగా ఉన్నాది. తీసీమంటారా? కావాలంటే ఇక్కడ కొత్తది ఏసీద్దాం."

నేను ఏదో ఒకటి అల్లుదామని గొంతు సవరించుకున్నాను. ఎర్తింగు అందామా, సెన్సరు అందామా అని ఆలోచిస్తున్నాను. అబద్ధాలు నాకూ పెద్దగా రావు.

"ఒగ్గీ బాబూ" అంది పిన్నిగారు కుర్చీలోంచి. "అది కరెంటు కోసం కాదు."

మెకానిక్ సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను పిన్నిగారి వైపు తిరిగాను.

"మీకు తెలుసా?"

"ఎట్టిన రోజే తెలుసు. తుడిసినప్పుడు ఎనక్కి సెయ్యెట్టి సూసినాను. వైరు తగల్నేదు." ఊపిరి కోసం ఆగింది. "షోకేసులో బోల్టు. నన్ను కూడా ముట్టనిచ్చీవోరు కాదు. దాన్ని తెచ్చి ఊరికే ఎందుకు బిగిత్తారు? అప్పుడు ఆలోసించుకున్నాను, నాను ఏటి పాడు సేసినానో."

"మరి ఆయనతో ఎందుకు అనలేదు?"

"పెళ్ళయిన కాన్నుంచి ఆయన నోట తప్పు నాదన్న మాట ఇన్నేదు. అది కూడా నా కోసం అన్నారు. దాన్ని తిరిగిచ్చీమంటావేటి?"

కొంగుతో బోల్టు మీది దుమ్ము తుడిచింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఆర్నెల్లుగా అడగడానికి భయపడుతున్నదే అడిగేశాను.

"మీరెలా ఉన్నారు పిన్నిగారూ?"

ఆవిడ నన్ను చూడలేదు. గోడ మీది డిస్‌ప్లే వైపు తల ఎత్తి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"రెండొందల ఇరవై తొమ్మిది" అంది.